పిల్లల్ని చూసుకుంటాను, అంతే

పోయిన నెల ఒక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాయాల్సొచ్చింది. మా సెంటర్లో చంటిపిల్లల గది చూసే అక్క ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, అక్కడికెళ్ళాక మళ్ళీ ఇదే పని వెతుక్కోవాలి, అందుకని ఒక కాగితం రాసిపెట్టమంది. ఐదు నిమిషాల పనే కదా అని కూర్చున్నా. పేరు రాశా, చేరిన తేదీ రాశా, మొత్తం పదహారేళ్ళు అని రాశా. ఆ తర్వాత ‘హోదా’ అనే కాలమ్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆఫీసు రిజిస్టర్లో అక్క ‘హెల్పర్’. పాత ఐడీ కార్డు మీద ‘కేర్‌టేకర్’. జీతం స్లిప్పులో ‘సపోర్ట్ స్టాఫ్-2’, ఆ రెండేంటో, మరి ఒకటి ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. తల్లిదండ్రులు ఆయా అంటారు. పిల్లలు నోటికొచ్చింది అంటారు, మాటలు రానివాళ్ళయితే ఏమీ అనరు, చేతులు చాపుతారు.

ఆ కాగితం రాసే పని నాకెందుకు పడిందంటే పోయినేడు నుంచి నేను ‘కోఆర్డినేటర్’ని. అంతకుముందు ‘లీడ్ ఎడ్యుకేటర్’, దానికి ముందు ‘ఫెసిలిటేటర్’, దానికి ముందు ‘టీచర్’, చేరిన కొత్తలో ‘టీచర్ ట్రైనీ’. తొమ్మిదేళ్ళలో ఐదు పేర్లు. చేసిన పని మాత్రం దాదాపు ఒకటే, ముక్కులు తుడవడం, కథలు చెప్పడం, కొరికినవాణ్ణీ కొరికించుకున్నవాణ్ణీ ఇద్దర్నీ ఒకే ఒళ్ళో ఓదార్చడం, ఎడమ చెప్పు కుడి కాలికి తొడుక్కుంటున్నవాడి పక్కన కూర్చుని వాడంతట వాడు కనిపెట్టేదాకా నోరు మూసుకుని ఉండటం. చివరిది అన్నిటికంటే కష్టం, చేసి చూస్తే గానీ తెలీదు.

ఎక్కడికన్నా వెళ్తే కొత్తవాళ్ళు ఏం చేస్తుంటారు అని అడుగుతారు కదా. నేను రెండు రకాలుగా చెప్పి చూశాను, సరదాకి కాదు, నిజంగానే ఏం చెప్పాలో తెలీక. ‘పిల్లల్ని చూసుకుంటానండీ’ అంటే ‘ఓ, అంతేనా, హాయి కదా, రోజంతా ఆటలే’ అని అటు తిరిగి ఇంకొకళ్ళతో మాటల్లో పడిపోతారు. ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్‌ని’ అంటే కనుబొమ్మలు లేస్తాయి, ‘అలాగా, దానికేం చదవాలి’ అని అడుగుతారు, ఒక్కోసారి వాళ్ళ పిల్లాడు అన్నం తినడం లేదని సలహా కూడా అడుగుతారు. రెండుసార్లూ మనిషిని నేనే, భుజం మీద పాలు కక్కిన మరక కూడా అదే. అందుకే ‘పేరులో ఏముంది’ అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పేరులో ఏమీ లేకపోతే మీ విజిటింగ్ కార్డులో అన్ని అక్షరాలు ఎందుకు మరి.

కానీ ఈ వ్యాసం ‘మమ్మల్ని టీచర్లనండి’ అని అడగడానికి రాయట్లేదు. ఒకప్పుడైతే అదే రాసేదాన్ని. ఇప్పుడు నా గోల వేరే, కొంచెం తిక్కగా ఉంటుంది, చివరిదాకా ఓపిక పట్టండి.

నేను టీచర్‌గా ఉన్న మొదటి ఏడాది మా గదిలో ఏడాదిన్నర బాబు ఒకడుండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. అందరూ చుట్టూ కూర్చుని పాట పాడుతుంటే వాడు గోడ వైపు తిరిగి బ్లాకులు పేర్చుకునేవాడు. నాకప్పుడు చేతిలో అబ్జర్వేషన్ ఫైల్ అని ఒకటుండేది, కొత్తగా ట్రైనింగ్ అయ్యొచ్చిన వేడి మీద ఉన్నాను, తెగ రాసేదాన్ని. ‘పేరు పిలిస్తే స్పందన తక్కువ, సామూహిక కార్యకలాపాల్లో ఆసక్తి తక్కువ, తల్లిదండ్రులతో మాట్లాడాలి’ అని మూడు వారాలు వరసగా రాశా, చక్కటి చేతిరాతతో. ఒకరోజు మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్నాక అక్క గుడ్డలు మడతపెడుతూ, నా మొహం వైపు కూడా చూడకుండా అంది: ‘వాడు ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే పిడుగు పడ్డా లేవడమ్మాయ్. కుడి పక్కకి తిరిగి పడుకుంటే గొళ్ళెం చప్పుడుకే లేచి కూర్చుంటాడు.’

నాకు వెంటనే వెలగలేదు. అయితే ఏంటి అన్నాను. ‘మంచి చెవి దిండుకి ఆనితే ఏం వినపడుద్ది’ అంది. తర్వాత నన్ను లేపి గది చూపించింది, నేను రోజూ వాణ్ణి పిలిచేది తలుపు దగ్గర్నుంచి, వాడు కూర్చునే చోటికి తలుపు కుడి పక్కన. ‘రేపు ఇటొచ్చి పిలు’ అంది. పిలిచాను. గిరుక్కున తిరిగాడు. తల్లిదండ్రులకి చెప్పాం, డాక్టరు చూసి కుడి చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు, చిన్నపిల్లల్లో ఇది బాగా మామూలేనట, కొన్నాళ్ళకి తగ్గింది, వాడు గోడ వైపు నుంచి మా వైపు తిరిగాడు, తర్వాత వాడి అల్లరి భరించలేక చచ్చాం అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ నాన్న వచ్చి నాకు దండం పెట్టినంత పని చేశాడు. ‘టీచర్ గారూ, మీరు గమనించబట్టి సరిపోయింది.’ అక్క అక్కడే ఉంది, మూడడుగుల దూరంలో, నేల మీద ఎవడో ఒలకబోసింది తుడుస్తోంది. నేను ‘పర్లేదండీ’ అన్నాను. అంతే అన్నాను. ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. కొత్తగా చేరిన పాప వాళ్ళమ్మ నన్ను చూసి ‘ఆయమ్మా, పాప బ్యాగు ఎక్కడ పెట్టాలి’ అనడిగితే, ‘నేను ఆయాని కాదండీ, టీచర్ని’ అని టక్కున అన్నాను, ఎంత గట్టిగా అన్నానంటే గదిలో పిల్లలు తలెత్తి చూశారు. అక్క కూడా చూసింది. చూసి మళ్ళీ పనిలో పడింది. నన్ను ఏమీ అనలేదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు, అందుకే అది ఇన్నేళ్ళయినా పోవట్లేదు.

తెలుగులో ‘చూసుకోవడం’ అనే మాట గురించి అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా. పిల్లల్ని చూసుకుంటాను అంటే తేలిగ్గా తీసేస్తారు గానీ ఆ మాటలోనే ‘చూడటం’ ఉంది. చూడకుండా చూసుకోవడం కుదరదు. నేను ఫైల్లో రాసిందానికి అబ్జర్వేషన్ అని పేరు, అక్క చేసినదానికి పేరు లేదు. కానీ ఆ గదిలో పిల్లాణ్ణి చూసింది ఎవరు?

ఈ రెండు పనుల్నీ విడగొట్టి వేర్వేరు అరల్లో పెట్టడం మా సెంటర్ సొంత తెలివేం కాదు, ప్రపంచం మొత్తం అలాగే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లోకంలో ఉన్న ఉద్యోగాలన్నిటికీ నంబర్లు వేసి ఒక పట్టిక పెట్టుకుంది, ఐఎస్‌సీఓ-08 అంటారు, 2008 నాటిది. దేశాలు లెక్కలు తీసేటప్పుడు దాన్నే చూసుకుంటాయి. అందులో ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్’ నంబర్ 2342, రెండో గుంపు, అంటే డాక్టర్లు ఇంజనీర్లు లాయర్లు ఉండే ప్రొఫెషనల్స్ గుంపు. ‘చైల్డ్ కేర్ వర్కర్’ నంబర్ 5311, ఐదో గుంపు, అందులో హోటల్ వెయిటర్లు, జుట్టు కత్తిరించేవాళ్ళు, షాపులో సరుకు అమ్మేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పనులు తక్కువని నేననట్లేదు సుమా, ఒకే గదిలో ఒకే పిల్లాణ్ణి ఎత్తుకునే ఇద్దరు మనుషుల మధ్య మూడు గుంపుల దూరం ఎలా వచ్చిందా అని అడుగుతున్నా. ఇంకా నవ్వొచ్చేదేంటంటే 5311 వాళ్ళు చేసే పనుల జాబితాలో పిల్లలకి కథలు చదవడం, చెప్పడం కూడా ఉంది, కాకపోతే అక్కడ అది పిల్లల్ని అలరించడం కింద లెక్క. అదే కథ 2342 చెప్తే వికాసం. కథ అదే, ఏనుగు అదే, ‘మళ్ళీ చెప్పు’ అని మీద పడేవాడూ వాడే.

సరే, ఈ మాటల పుట్టుక ఎక్కడుందా అని తవ్వుకుంటూ పోతే సరదాగా ఉంటుంది. ఆయా అనేది పోర్చుగీసు మాట, అయా అనే మాట నుంచి ఓడలెక్కి వచ్చింది, అక్కడ పెద్దింటి పిల్లల్ని పెంచి మర్యాదలు నేర్పే ఆవిడని అలా అనేవాళ్ళు. నర్స్ అనే మాటకి మూలం లాటిన్‌లో పోషించడం, పాలివ్వడం. అన్నిటికంటే నాకు నచ్చింది పెడగాగ్. ఇప్పుడు ‘పెడగాజీ’ అంటే సెమినార్లలో మైకు పట్టుకున్నవాళ్ళు వాడే మాట, ఆ మాట వింటేనే నేను కొంచెం సర్దుకుని కూర్చుంటాను. కానీ పాత గ్రీకుల కాలంలో పైడగోగోస్ అంటే బానిస. పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి, సంచీ మోసి, దార్లో కుదురుగా నడవమని అదిలించి, మళ్ళీ ఇంటికి తెచ్చేవాడు. చదువు చెప్పేవాడు వేరే, వాడు డిడాస్కలోస్. అంటే ఇవాళ గొప్పగా వాడుకునే ఆ మాట ఒకప్పుడు మా అక్కదే.

అదే మాట డెన్మార్క్‌లో ఎక్కడికి చేరిందో చూడండి. అక్కడ పెడగాగ్ అంటే మూడున్నరేళ్ళు డిగ్రీ చదివినవాళ్ళు. చిన్నపిల్లల సెంటర్లలో వాళ్ళే డైపర్లూ మారుస్తారు, వాళ్ళే ఆడిస్తారు, బయట వానలో బురదలో తిప్పేదీ వాళ్ళే. వాళ్ళకీ కింద సహాయకులు ఉంటారు, స్వర్గమేం కాదు. కానీ డైపర్ మార్చినంత మాత్రాన హోదా పడిపోదు. బానిస పేరు డిగ్రీ పేరు కావడానికి రెండు వేల ఏళ్ళు పట్టింది, నా లెక్క ప్రకారం మా అక్క కాగితానికి అంత టైం లేదు.

ఫ్రోబెల్ సంగతి కూడా చెప్పాలి, ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయా. కిండర్‌గార్టెన్ అనే మాట ఆయనదే అని అందరికీ తెలుసు, 1840లో పెట్టాడు. కానీ 1837లో జర్మనీలో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో మొదలుపెట్టినప్పుడు దానికి చాంతాడంత పేరుండేది, అందులో మూడు పనులు వరసగా ఉంటాయి: సంరక్షణ, ఆట, వ్యాపకం. మొట్టమొదటి మాట సంరక్షణ! మూడేళ్ళ తర్వాత ‘పిల్లల తోట’ అనే అందమైన పేరు దొరికింది, ఆ పేరు ప్రపంచమంతా పాకింది, మధ్యలో 1851లో ప్రష్యా అనే అప్పటి జర్మన్ రాజ్యపు ప్రభుత్వం నిషేధించి 1860లో మళ్ళీ ఒప్పుకున్నా కూడా ఆగలేదు. తోట అన్నాక తోటమాలి ఉండాలి కదా, మొక్కకి నీళ్ళు పోసేవాడు ఒకడు, మొక్కకి పాఠం చెప్పేవాడు ఒకడు అని ఉండరు కదా. కానీ కాలం గడిచేకొద్దీ తోటలో అదే జరిగింది. నీళ్ళు పోసేవాళ్ళు హెల్పర్లయ్యారు.

దీన్ని తిప్పికొట్టినావిడ ఒకావిడ ఉంది, ఎమ్మీ పిక్లర్, డాక్టరు. 1946లో బుడాపెస్ట్‌లో తల్లిదండ్రులు లేని చంటిపిల్లల కోసం ఒక హోం మొదలుపెట్టింది, లోట్సీ అనే వీధిలో. ఆవిడ పట్టుబట్టిన విషయం చాలా చిన్నది. బిడ్డని ఎత్తుకునే ముందు చేతులు చాపి, ఎత్తుకుంటున్నా అని చెప్పి, బిడ్డ ఒళ్ళు ఒప్పుకునేదాకా ఒక్క క్షణం ఆగు. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు తొందరపడకు, అదే బిడ్డతో నువ్వు గడిపే అసలు టైం. పాఠం వేరే ఎక్కడో లేదు. నేను ఇది ట్రైనింగ్‌లో ఒక స్లైడ్ మీద చూశాను, నోట్స్ రాసుకున్నాను, పరీక్షలో కూడా వచ్చింది. తీరా ఉద్యోగంలో చేరాక చూస్తే అక్క రోజూ అదే చేస్తోంది. పాపని డైపర్ మార్చడానికి ఎత్తే ముందు రెండు చేతులూ ముందుకి పెట్టి ‘పోదామా’ అంటుంది. పాప ఒకసారి అక్క మొహం చూస్తుంది, చేతులు చూస్తుంది, తర్వాత భుజాలు కొంచెం పైకి లేపుతుంది, అప్పుడు ఎత్తుతుంది. కాలు ఎత్తమంటే ఆ నెలల పిల్ల కాలు ఎత్తుతుంది! నేను చేస్తే ఎత్తదు, నాకు తొందర కాబట్టి, డైపర్ అయ్యాక ‘అసలు పని’ ఉంది కాబట్టి. అక్కకి ఎక్కడ నేర్చుకున్నావ్ అంటే వింతగా చూసింది, మరి చెప్పకుండా ఎత్తితే ఉలిక్కిపడతారు కదా అంది.

ఇక పేర్లు మార్చినవాళ్ళ సంగతి. జపాన్‌లో 1999 దాకా ఈ పని చేసేవాళ్ళ పేరు హోబో, అందులో రెండో అక్షరానికి అర్థం తల్లి. అంటే ఉద్యోగం పేరులోనే అమ్మ కూర్చుని ఉంది, మగవాడు చేరితే వాణ్ణి ఏమనాలో సరైన మాట లేదు, అమ్మ చేసే పనికి జీతం ఏంటి అనే వాదన కూడా ఆ పేరులోనే దాక్కుని ఉంటుంది. 1999లో దాన్ని హొయికుషి చేశారు. హొయికు అంటే కాపాడటం, పెంచడం, నేర్పడం అన్నీ కలిసిన ఒకే మాట, చివర షి అంటే అర్హత ఉన్న మనిషి. 2003 నుంచి రిజిస్టర్ అయినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోకూడదు. సంరక్షణని పేరులోంచి తీసేయకుండానే హోదా ఇచ్చారు, నాకు నచ్చింది అదే. జీతాలు సరిపోవట్లేదనే గొడవ మాత్రం అక్కడ ఇంకా నడుస్తూనే ఉంది, పేరు చేసే పని పేరు చేస్తుంది, మిగతాది పోట్లాడి తెచ్చుకోవాల్సిందే. కెనడాలో ఒంటారియో వాళ్ళు 2007లో చట్టం చేసి ‘ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్’ అనే పేరుకి తాళం వేశారు, ‘కాలేజ్’ అనే వాళ్ళ వృత్తి నియంత్రణ సంస్థలో (చదువుకునే కాలేజీ కాదు) సభ్యత్వం ఉంటేనే వాడాలి, తప్పు చేస్తే విచారణ, సభ్యత్వం పోతుంది. న్యూజిలాండ్ వాళ్ళు 2017లో తమ పాఠ్య ప్రణాళికని తిరగరాసినప్పుడు అందర్నీ కలిపి కైయాకో అన్నారు, మావోరీ మాట, అందులో ఉన్న ఆకో అంటే నేర్పడమూ నేర్చుకోవడమూ రెండూనట.

ఇంగ్లండ్ కథ ఇంకో రకం. 2013లో ‘ఎర్లీ ఇయర్స్ టీచర్’ అనే హోదా పెట్టారు. వినడానికి బావుంది. కానీ స్కూలు టీచర్లకి ఇచ్చే అధికారిక గుర్తింపు, దాని వెనకాల వచ్చే జీతాల స్కేలు దీనికి వర్తించవు. చేరడానికి అవే అర్హతలు, అంతే కష్టం, టీచర్ అనే పిలుపు, లోపల డబ్బా ఖాళీ. దీన్ని నేను స్టిక్కర్ అంటాను. పిల్లలకి మేం అంటిస్తాం చూడండి ‘స్టార్ ఆఫ్ ద డే’ అని, సాయంత్రానికి ఊడిపోతుంది, కాకపోతే పిల్లలు దానికి నిజంగా సంతోషపడతారు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో, పేరు పెట్టడం ద్వారానే డబ్బులు ఎగ్గొట్టడం కూడా ఉంది. భారతదేశంలో అంగన్‌వాడీలు 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలయ్యాయి. అందులో పనిచేసే ఆడవాళ్ళని మొదట్నుంచీ ‘గౌరవ కార్యకర్తలు’ అన్నారు, జీతాన్ని జీతం అనకుండా గౌరవ వేతనం అన్నారు. ఎంత మర్యాదగా ఉందో కదా మాట! ఆ ‘గౌరవం’ అన్న ఒక్క మాట అడ్డం పెట్టి వీళ్ళు ఉద్యోగులు కాదు అనేవాళ్ళు. 2006లో సుప్రీం కోర్టు కూడా వీళ్ళవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావని చెప్పింది. 2022 ఏప్రిల్లో అదే కోర్టు వేరే కేసులో, ఆ గౌరవ వేతనం కూడా వేతనమే, 1972 గ్రాట్యుటీ చట్టం వీళ్ళకీ వర్తిస్తుంది అని తీర్పిచ్చింది. నలభై ఏడేళ్ళు పట్టింది ఆ మాట అనిపించుకోవడానికి. అందుకే ఎవరన్నా మాది ఉద్యోగం కాదు సేవ, తపస్సు, దైవకార్యం అని పొగడటం మొదలెడితే నేను నా పర్సు ఒకసారి తడిమి చూసుకుంటాను.

మా సెంటర్లో పేర్ల మార్పు ఎలా జరిగిందో చెప్తాను, మీ దగ్గరా ఇలాగే జరిగుంటే నవ్వుకోండి. ఒక సోమవారం పొద్దున మీటింగ్ పెట్టి ఇకనుంచి మీరందరూ ఫెసిలిటేటర్లు అన్నారు. కొత్త ఐడీ కార్డులు, మెడలో నీలం తాడు. చప్పట్లు కొట్టాం. జీతం అదే. అక్కకీ ఒక కార్డు ఇచ్చారు మొదట, తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకుంది, మెళ్ళో వేసుకుంటే పిల్లలు లాగుతారంది. రెండు నెలలు బాగానే ఉంది. ఆ తర్వాత ఎవరో తల్లి ‘ఫెసిలిటేటర్లు డైపర్లు మారుస్తారా, అయితే పాఠాలెప్పుడు చెప్తారు’ అని అడిగారట. ఇంకంతే. ఫెసిలిటేటర్లు డైపర్ ముట్టుకోకూడదని రూల్ వచ్చింది, దానికోసం సపోర్ట్ స్టాఫ్ అనే కొత్త పోస్టు పుట్టింది, ఒకటి రెండు అని నంబర్లు కూడా, అక్క నీలం తాడు వెనక్కి తీసుకున్నారు. మేం, అంటే నాలాంటి వాళ్ళం, కనీసం అది తప్పని కూడా అనలేదు. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాం. డైపర్ పోయింది, హోదా వచ్చింది అనుకున్నాం.

నా తిక్క వాదన ఇదీ. మేం ఎడ్యుకేటర్లం అనిపించుకోవడానికి చేసిన ప్రతి ప్రయత్నంలోనూ సంరక్షణని ఒక మెట్టు కిందకి తోసి దాని మీద కాలు పెట్టి ఎక్కాం. ‘మేం బేబీసిట్టర్లం కాదు’ అనే మాట మా ట్రైనింగుల్లో ఎన్నిసార్లు విన్నానో, నేనే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాట అన్నప్పుడల్లా బేబీసిట్టర్ అనే మనిషి ఎవరో ఒకావిడ ఎక్కడో ఒక మెట్టు దిగుతుంది. పైగా ఆ తోపులాటలో పిల్లలకేం మిగిలింది? వాళ్ళకి పాఠం చెప్పే మనిషి ఒకరు, కడిగే మనిషి ఒకరు, తినిపించే మనిషి ఒకరు. పది నెలల బిడ్డకి తినిపించడంలోంచి పాఠాన్ని ఎలా విడదీస్తారు చెప్పండి. చెంచా దగ్గరికొస్తుంటే నోరు తెరవాలని, వద్దంటే మొహం తిప్పొచ్చని, తిప్పితే ఎదుటి మనిషి ఆగుతుందని ఆ బిడ్డ నేర్చుకునేది అక్కడే. వద్దన్నా నోట్లో కుక్కితే నేర్చుకునేది ఇంకొకటి.

నాతో పనిచేసేవాళ్ళు కొందరు ఇది విని నామీద ఎగిరారు. ‘నీకేం, కోఆర్డినేటర్ అయ్యాక కబుర్లు బాగానే వస్తాయి, మాకు టీచర్ అనే మాట కూడా లేకపోతే అద్దెకి ఇల్లు ఇచ్చేవాడు కూడా ఇంకోలా చూస్తాడు’ అంది ఒకమ్మాయి. అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. చదువుకుని, పరీక్షలు రాసి, అప్పులు చేసి ట్రైనింగ్ అయిన అమ్మాయిని ‘నువ్వూ అక్కా ఒకటే’ అంటే ఆమె కష్టాన్ని తీసేసినట్టు అవుతుంది, నేను అలా అనట్లేదు కూడా. ట్రైనింగ్ కావాలి. అక్కకి కూడా ఆ ట్రైనింగ్ ఇచ్చి ఉంటే బావుండేది, పదహారేళ్ళలో ఒక్కసారి పంపలేదు, అడిగితే ‘హెల్పర్లకి ఆ బడ్జెట్ లేదు’ అన్నారు. చూశారా, పేరు ముందే తలుపు మూసేసింది. ఆ అమ్మాయికి టీచర్ అనే పేరు ఉండనీండి. ఆ పేరున్న మనిషి జాబ్ కార్డులో మొదటి లైనే చంటిపిల్లల సంరక్షణ అని ఉండాలి అంటున్నా, డైపర్ మార్చే మనిషికి ఆ పేరుకి చేరే దారి ఉండాలి అంటున్నా. గదిలో ఒకళ్ళకి చదువు, ఒకళ్ళకి చాకిరీ అని పంచొద్దు.

ప్రేమతో చేసే పనికి హోదాలెందుకు అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఎక్కువ రాయను. గుండె ఆపరేషన్ చేసే డాక్టర్ని కూడా ప్రేమగానే ఉండమందాం, ఫీజు అడక్కుండా.

ఇంతకీ ఆ సర్టిఫికెట్. హోదా దగ్గర మొదట ‘హెల్పర్’ అని రాసి కొట్టేశా. ‘సంరక్షకురాలు’ అని రాస్తే ఏదో ఫారంలో గార్డియన్ సంతకం దగ్గర మాటలా ఉంది. ‘దాది’ అందామంటే కథల్లో రాణిగారి పక్కన నిలబడ్డట్టుంది. ‘ఎడ్యుకేటర్’ అని రాస్తే ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు, రిజిస్టర్‌కి సరిపోవాలి. చివరికి కాలమ్‌లో రిజిస్టర్ మాటే పెట్టి, కింద ఖాళీ జాగాలో మొత్తం రాశాను: చంటిపిల్లల గది పదహారేళ్ళు నడిపింది, కొత్తగా చేరిన టీచర్లకి పని నేర్పింది, వారిలో నేను ఒకదాన్ని, ఒక పిల్లాడికి వినికిడి సమస్య ఉందని అందరికంటే ముందు కనిపెట్టింది. ఆ ఆఖరి లైను రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

అక్కకి చదివి వినిపించా. మడతపెడుతున్న గుడ్డ ఆపకుండా విన్నది. చెవి సంగతి వచ్చినప్పుడు ‘వాడా, ఇప్పుడు పెద్దాడయ్యుంటాడు’ అంది. తర్వాత కాసేపు ఆలోచించి, ‘ఎన్ని నెలల పిల్లలో రాయలేదు నువ్వు’ అంది.

‘ఎందుకక్కా?’

‘ఆరు నెలల లోపు వాళ్ళని చూశానంటే జీతం ఎక్కువిస్తారమ్మాయ్. అది పైన రాయి, కనపడేటట్టు.’

రాశాను. మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా, అని హోదా కాలమ్ పక్కనే, కొంచెం లావు అక్షరాల్లో. స్టాంపు వేయించి ఇచ్చేశా.